పాటతో పాటు సాధన: పెన్షనుకు తగిన పనిముట్లు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి, డి.ఆర్. బకాయిల గురించి పెద్దలు సవివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకు ‘విశ్రాంత జీవితంలో కాలం సద్వినియోగం’ అనే అంశం కేటాయించారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు కనుక, మా ఇంట్లో గత రెండేళ్లుగా నడుస్తున్న ఒక వ్యవహారానికే పరిమితమవుతాను. బేస్ గిటారు నేర్చుకునే కుర్రవాడు రికార్డు పాటలతో కలిసి ఇంట్లో సాధన చేయాలంటే తక్కువ ఖర్చులో ఏమేమి కావాలన్నదే ఆ వ్యవహారం. ముందు వరసలో కొందరు నవ్వుతున్నారు. అయిదు నిమిషాలు ఓపిక పట్టవలసిందిగా మనవి.

బేస్ గిటారంటే తెలియనివారి కోసం రెండు మాటలు. మామూలు గిటారుకు ఆరు తీగలు. దీనికి సాధారణంగా నాలుగే, కానీ లావుపాటివి. అమెరికాలో లియో ఫెండర్ 1951లో అమ్మకానికి తెచ్చిన వాయిద్యంతో ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. దీని కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. పాటలో గాయకుడి గొంతుకు, తాళానికి మధ్య నడిచే ఆ బరువైన నాదం ఇదే. 1980లలో ఇళయరాజాగారు స్వరపరచిన పాటలు వినండి. అడుగున ఇది తన దారిన వేరే పాట పాడుకుంటూ పోతున్నట్టుంటుంది.

మనది కాని వాయిద్యం మనకెందుకని అడిగేవారున్నారు. వయొలిన్ మాత్రం మనదా? పాశ్చాత్య దేశం నుంచి వచ్చిన ఆ ఫిడేలునే మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు మన సంగీతానికి కంఠంగా మార్చారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు, నాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. ఇక అడుగు నాదమంటారా, మన జముకుల కథలో జముకు ఉంది. పాత్రకు ఒక వైపు తోలు మూసి, దానికి నరం కట్టి, ఆ నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే వచ్చే నాదం మన పల్లెలకు కొత్తదేమీ కాదు.

మా అమ్మాయి కొడుకు విజయనగరంలో మా దగ్గరే ఉండి డిగ్రీ చదువుతున్నాడు. నలుగురు స్నేహితులతో కలిసి వాయించుకుంటాడు. పాత బేస్ గిటారు ఒకటి సగం ధరకు సంపాదించాడు. దానికి ఆంప్లిఫయరు కావాలన్నాడు. విశాఖపట్నంలో ఒక దుకాణంలో చెప్పిన ధర నా నెల పెన్షనులో సగం దాటింది. పైగా మాది పక్కింటితో గోడ కలిసిన ఇల్లు. మా ఇంటావిడకు గుండెజబ్బు, మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి. మా అమ్మాయి ఫోనులో, “నాన్నా, వాడిని అది అమ్మేసి చదువుకోమను. పరీక్షలు బేగి వచ్చేస్తన్నాయి” అంది. వాడు ఏమీ అనలేదు. గిటారు సంచిలో పెట్టి మంచం కిందకు తోసేశాడు. మూడు రోజులు భోజనం దగ్గర తల ఎత్తలేదు.

ఆ మౌనం నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక ఫైలు నడపడమొక్కటే నాకు వచ్చు. కాగితం తీసి, ‘అవసరం ఏమిటి, అంచనా ఎంత’ అని రెండు శీర్షికలు పెట్టి వాడినే రాయమన్నాను. రాసిన తరువాత తేలింది: వాడికి కావలసింది పెద్ద చప్పుడు కాదు. తన వాయిద్యం, పాట, రెండూ ఒకేసారి తనకు వినబడాలి. పాట నెమ్మదించాలి. పాటలోని బేస్ విడిగా తెలియాలి. అంతే. వీటి పరిష్కారాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది, వినబడటం. ఖర్చు లేని పద్ధతి ఇది. గిటారుకు కరెంటు కలపకుండా, దాని కొననో అంచునో చెక్క బీరువాకు ఆనించి మీటండి. చెక్క కంపించి నాదం పెద్దదవుతుంది. ఒక చెవిలో పాట వినిపించే ఇయర్‌ఫోను, రెండో చెవి గిటారుకు. మావాడు మొదటి నెల ఇలాగే సాధన చేశాడు. రెండో పద్ధతికి కొద్దిగా ఖర్చుంది. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన హెడ్‌ఫోను ఆంప్లిఫయర్లు దొరుకుతాయి. ‘వాక్స్ ఆంప్లగ్’ అలాంటిదే, అందులో బేస్‌కు ప్రత్యేకమైన రకం ఉంది. రెండు సన్న బ్యాటరీలతో నడుస్తుంది. గిటారుకే గుచ్చి, ఒక రంధ్రంలో ఫోను నుంచి పాట, మరో రంధ్రంలో హెడ్‌ఫోను పెట్టుకోవాలి. ఇంట్లో మరొకరికి చప్పుడు లేదు. కొనేటప్పుడు పాట లోపలికి వచ్చే రంధ్రం ఉన్నదీ లేనిదీ తప్పక చూడండి. అది లేకపోతే మన పనికి పనికిరాదు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఫోను స్పీకరులో బేస్ దాదాపు వినబడదు. అంత చిన్న స్పీకరు అంత కింది నాదాన్ని పలికించలేదు. వైరు లేని బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది. పాట వినడానికి ఫరవాలేదు గాని, మీటిన నాదం మీటిన క్షణంలో వినబడకపోతే తాళం నిలవదు. వైరుదే కొనండి, అదే చవక. మూడోది, ఇంట్లోని పాత టేప్‌రికార్డరుకో టీవీకో బేస్ గిటారు తగిలించి పెద్దగా వాయించవద్దు. ఆ దెబ్బకు చిన్న స్పీకర్లు చిరిగిపోతాయి.

రెండోది, పాట నెమ్మదించడం. మన కాలంలో టేపు వేగం తగ్గిస్తే గొంతు కూడా దిగిపోయేది. వేగం సగమైతే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి కిందకు పోతుంది. ఇప్పుడు ఆ చిక్కు లేదు. యూట్యూబులో వేగం ముప్పాతికకో సగానికో తగ్గించినా శ్రుతి మారదు. కంప్యూటరు ఉన్నవారికి ‘ఆడాసిటీ’ అనే సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరం నుంచి ఉచితంగా దొరుకుతోంది. అందులో వేగం, శ్రుతి రెండూ వేరువేరుగా మార్చవచ్చు. దీనికి ఇంకో ఉపయోగం. పాత సినిమా పాటలు టేపు వేగంలో తేడాల వల్ల ప్రమాణ శ్రుతికి కొంచెం ఎక్కువగానో తక్కువగానో ఉండవచ్చు. తీగలు ఎంత సరిచేసినా పాటతో కలవవు. అప్పుడు తీగలను కాదు, పాటను సరిచేసుకోవచ్చు. బేస్ ఏమి వాయిస్తున్నదో అర్థం కాకపోతే పాటను ఒక స్థాయి పైకి జరపండి. అడుగున దాగినది పైకి వచ్చి వినబడుతుంది.

మూడోది, పాటలోంచి ఒక వాయిద్యాన్ని విడదీయడం. 1950లో న్యూయార్కులో ‘మ్యూజిక్ మైనస్ వన్’ అనే సంస్థ ఒక వాయిద్యం లేకుండా రికార్డులు వేసి అమ్మింది. ఆ ఖాళీని నేర్చుకునేవాడు తన వాయిద్యంతో నింపాలి. ఆ రోజుల్లో దానికి ప్రత్యేకంగా వాద్యబృందాన్ని కూర్చోబెట్టాలి. 2019లో డీజర్ అనే ఫ్రెంచి సంస్థ ‘స్ప్లీటర్’ అనే ప్రోగ్రాము ఉచితంగా విడుదల చేసింది. పూర్తయిన పాటను ఇస్తే గొంతు, డ్రమ్ములు, బేస్, మిగిలినవి అని నాలుగు భాగాలుగా విడదీస్తుంది. అదే పని చేసే ఫోను యాప్‌లు కూడా వచ్చాయి. ‘మోయిసెస్’ లాంటివి కొంత పరిమితితో ఉచితంగానే పనిచేస్తాయి. ఇటువంటి విద్యతోనే జాన్ లెనన్ పాత క్యాసెట్టులోంచి ఆయన గొంతును విడదీసి 2023లో బీటిల్స్ పాటగా విడుదల చేశారు. మావాడు ముందు బేస్ ఒక్కటే విని నేర్చుకుంటాడు, తరువాత బేస్ తీసేసి ఆ చోట తాను వాయిస్తాడు.

నాలుగో పనిముట్టు నేను చేర్చాను. అది పది రూపాయల నోటుపుస్తకం. ఆఫీసులో పర్సనల్ రిజిస్టరు నడిపినట్టే గీతలు గీయించాను: తేదీ, పాట, వేగం, తప్పిన చోటు. వారానికొకసారి ఫోనులో రికార్డు చేసుకోవాలి. పాట చెవిలోనే ఉంటుంది, ఫోనులోకి గిటారు ఒక్కటే ఎక్కుతుంది. తరువాత వింటే అసలు సంగతి బయటపడుతుంది. పాట మన తప్పులను కప్పుతుంది, ఆసరాగా ఉంటుంది. ఆ ఆసరా తీసేస్తే తాళం ఎక్కడ పరుగెత్తిందో, ఎక్కడ కుంటిందో తెలుస్తుంది. ఈ పరీక్షకు ఏ దుకాణంలోనూ వస్తువు కొననక్కరలేదు.

ఒక మిత్రుడు నన్నడిగారు: “ఇప్పుడు పండుగ వేదికల మీద కూడా ట్రాక్ పెట్టి పాడేస్తున్నారు కదా బాబూ, వాయించేవాడికి పనెక్కడిది?” న్యాయమైన ప్రశ్నే. ఆర్కెస్ట్రాల మీద బతికినవారికి ఆ బాధ తెలుసు. దీనితో ఉద్యోగం వస్తుందని నేను మా మనవడికి చెప్పలేదు, మీకూ చెప్పను. కానీ గాయకుడు ఒక చరణం ముందే అందుకుంటే ట్రాక్ ఆగదు. పక్కనున్న మనిషి ఆగి, చూసి, కలుపుకుంటాడు. వాడు నేర్చుకోవలసినది ఆ కలుపుకోవడమే. అందుకే నెలకు రెండు ఆదివారాలు రికార్డు పక్కన పెట్టి స్నేహితులతో కూర్చోవాలని షరతు పెట్టాను. పరీక్షలు కూడా తప్పకుండా రాశాడు. మా అమ్మాయి ఇప్పుడు వాయించడం మానమని అనడం లేదు.

చివరిగా మన వయసు వారికి ఒక మాట. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు సాధారణంగా ముందు పోయేవి పైస్థాయి శబ్దాలు. కోయిల కూత తగ్గినా ఉరుము వినబడుతుంది. నాకూ అంతే. మావాడు హెడ్‌ఫోను నా చెవికి పెట్టి బేస్ విడదీసి వినిపించినప్పుడు, నలభై ఏళ్లుగా వింటున్న పాటల్లో ఎప్పుడూ గమనించనిది విన్నాను. ఇప్పుడు సాయంత్రాలు వాడు వాయిస్తుంటే పుస్తకం నా దగ్గర ఉంటుంది, తప్పిన చోటు నేనే రాస్తాను. ఇంతకు ముందు మా ఇద్దరికీ “తిన్నావా?”, “తిన్నాను తాతా” తప్ప మాటలుండేవి కావు.

పిల్లల చెవుల విషయం మాత్రం అశ్రద్ధ చేయవద్దు. 80 డెసిబెల్స్ శబ్దమైతే వారానికి 40 గంటలకు మించి వినరాదని, శబ్దం పెరిగినకొద్దీ ఆ గడువు వేగంగా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెడ్‌ఫోను పెట్టుకున్నా పక్కన మనం మామూలుగా పిలిస్తే పలకాలి. పలకకపోతే శబ్దం ఎక్కువైనట్టే.

మీ ఇళ్లలో మనవడో మనవరాలో గిటారో, వయొలినో, మృదంగమో అటక మీద పెట్టేసి ఉంటే కిందకు దింపించండి. పై పద్ధతులలో చాలావరకు అన్నిటికీ పనికివస్తాయి. వివరాలు కావలసినవారు సభానంతరం నన్ను కలవండి, మా మనవడు కూడా వెనుక వరసలో ఉన్నాడు.