తెల్లబరిచే క్రీము, కిడ్నీకి ముప్పు

కిడ్నీ జబ్బు అంటే ఏమిటో ఉద్దానం ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. వజ్రపుకొత్తూరు, కవిటి పల్లెలను పీడిస్తున్న ఆ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ కారణం తెలిసిన, ఆపడం మన చేతిలో ఉన్న ముప్పు మరొకటుంది. అది పాదరసం.

ముఖం తెల్లబడుతుందని అమ్మే కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది చర్మం గుండా రక్తంలో చేరుతుంది. అప్పుడు మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి, కిడ్నీలోని వడపోత పొరను దెబ్బతీయవచ్చు. ప్రోటీన్ మూత్రంలోకి కారిపోతుంది. మూత్రం నురగ కడుతుంది. కాళ్లు, ముఖం ఉబ్బుతాయి.

కేరళలోని కొట్టక్కల్ డాక్టర్లు 2021, 2023 మధ్య ఇలాంటి రోగులను చూశారు. వారిలో ఎక్కువమంది ఆ క్రీములు రాసుకున్నవారే. మానేశాక చాలామంది కోలుకున్నారు.

అందుకే చెబుతున్నాను. పెళ్లిచూపులకని సంతలోనో, ఫ్యాన్సీ షాపులోనో అమ్మాయికి క్రీము కొంటున్నారా? డబ్బా తిప్పి చూడండి. తయారీదారు పేరు, అందులో ఏమున్నాయో రాసి లేకపోతే కొనకండి. వాడుతుంటే ఆపండి. నురగ, వాపు కనిపిస్తే మూత్ర పరీక్ష చేయించండి. ఆ డబ్బా కూడా డాక్టరుకు చూపించండి.

మళ్లీ చెబుతున్నాను. మేనిఛాయ కోసం కిడ్నీని పణంగా పెట్టకండి.