దయ్యం సినిమాలో తడి కన్ను



తక్కువ ఖర్చుతో తీసిన దయ్యాల సినిమా అనగానే చాలామంది పెదవి విరుస్తారు. అందులోనూ అయిదో భాగం అంటే, ఇంకా చెప్పడానికి ఏం మిగిలింది అంటారు. కాని అలాంటి అయిదో భాగం ఒకటి నా కళ్ళు తడిపింది. అది 2016లో అమెరికాలో విడుదలైన ‘ఫాంటాజమ్: రావేజర్’.

ముందు పూర్వకథ చెప్పుకోవాలి. మొదటి ‘ఫాంటాజమ్’ 1979లో వచ్చింది. దర్శకుడు డాన్ కాస్కరెల్లీ అప్పటికి ఇరవై అయిదేళ్ళ యువకుడు. ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు. తండ్రి డబ్బు సమకూర్చారు, తల్లి దుస్తులూ అలంకరణా చూసుకున్నారు. ఇక కథ. శవాలను ఖననానికి సిద్ధం చేసే ఒక భవనంలో తాటిచెట్టంత వృద్ధుడు ఉంటాడు. శవాలను దొంగిలించి, మరుగుజ్జులుగా మార్చి, మరో లోకానికి బానిసలుగా పంపుతుంటాడు. గాలిలో దూసుకువచ్చి నుదుట దిగబడే వెండి బంతి అతని ఆయుధం. అతన్ని ఎదిరించేది ముగ్గురు: మైక్ అనే కుర్రవాడు, అతని అన్న జోడీ, వారి స్నేహితుడు, ఐస్‌క్రీం అమ్మే రెజీ.

ఆ మొదటి సినిమా చివర రెజీ మైక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఓదారుస్తాడు. జోడీ కారు ప్రమాదంలో పోయాడని, మిగిలినదంతా పీడకలేనని నచ్చజెబుతాడు. ఈ దృశ్యం గుర్తుంచుకోండి.

37 ఏళ్ళ తరువాత చివరి భాగంలో ఆ నటులే కనిపిస్తారు. ముసలితనానికి మేకప్ అవసరం లేకపోయింది. రెజీ ఒక క్షణం ఎడారిలో వెండి బంతులతో పోరాడుతుంటాడు. మరుక్షణం వృద్ధుల ఆశ్రమంలో చక్రాల కుర్చీలో ఉంటాడు. పక్కన మైక్. నీకు మతిమరుపు జబ్బు వచ్చింది, ఇదంతా నీ మనసు అల్లిన కథ అని మెల్లగా చెబుతాడు. ఆనాడు ఓదార్చినవాడిని ఈనాడు ఆ కుర్రవాడే ఓదారుస్తున్నాడు! ఏది నిజమో సినిమా తేల్చి చెప్పదు. మంచం మీద రెజీ చివరి ఘడియల్లో మైక్, జోడీ ఇద్దరూ పక్కనే ఉంటారు. మరో లోకంలో ముగ్గురూ కలిసి మళ్ళీ పోరాటానికి బయలుదేరుతారు.

లోపాలు లేవనను. ఈ భాగానికి దర్శకుడు డేవిడ్ హార్ట్‌మన్. కంప్యూటర్ బొమ్మలు నాసిగా ఉన్నాయి, కథ గెంతులు వేస్తుంది. అయినా ఆ పొడుగు వృద్ధుడిగా నటించిన ఆంగస్ స్క్రిమ్ 89వ ఏట, సినిమా విడుదలకు కొన్ని నెలల ముందే, 2016 జనవరిలో కన్నుమూశారని తెలిసి చూస్తే, ఇది ఒక బృందం తీసుకున్న సెలవులా అనిపిస్తుంది.

మన ఇళ్ళలోనూ జరగనివి జరిగినట్టు చెప్పే పెద్దలు ఉంటారు. వారితో వాదించి గెలిచి మనకు ఒరిగేదేమిటి? మైక్ లాగా పక్కన కూర్చుంటే చాలు. వీలైతే మొదటి భాగం చూశాకే ఈ చివరి భాగం చూడండి.

సెలవు.