ఆదివారం వంట నాది

(సిబ్బంది కుటుంబాల వార్షిక సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఈమధ్య కొత్తగా చేసిన పని ఏదైనా ఒకటి చెప్పమన్నారు. రుణాల వసూలు గురించి అడిగితే గంటసేపు మాట్లాడగలను. ఈ రోజు మాత్రం ఒక వంట గురించి చెబుతాను. దాని పేరు కీష్. మా ఇంట్లో దాన్ని మొదటిసారి చేసింది నేనే.

ఫ్రాన్సుకు ఈశాన్యంలో, జర్మనీ సరిహద్దు పక్కన లోరేన్ అనే ప్రాంతం ఉంది. కీష్ అక్కడి వంట. జర్మన్ భాషలో కేకును ‘కూఖెన్’ అంటారు. కీష్ అనే పేరు ఆ మాట నుంచే వచ్చిందంటారు. మైదా, వెన్నతో లోతైన పళ్లెంలాంటి పెంకు చేసి, అందులో గిలక్కొట్టిన గుడ్లు, మీగడ పోసి ఓవెన్‌లో కాలుస్తారు. అక్కడి పాత పద్ధతిలో పంది మాంసం ముక్కలు కూడా వేస్తారు. ఇప్పుడు పుట్టగొడుగులతో, పాలకూరతో, చీజ్‌తో రకరకాలుగా చేస్తున్నారు. అంచు బిస్కెట్‌లా కరకరలాడుతుంది, లోపల మన జున్నులా మెత్తగా ఉంటుంది. పుదుచ్చేరిలో పనిచేసినప్పుడు ఒక బేకరీలో మొదటిసారి తిన్నాను.

వంట మొదలుపెట్టడానికి ఇంత దూరపు వంటకమే దొరికిందా అని మీరు అడగవచ్చు. దానికి రెండు కారణాలున్నాయి. పప్పో పులుసో చేస్తే మా ఇంట్లో ఇద్దరు ఇన్‌స్పెక్టింగ్ అధికారులున్నారు: మా అమ్మ, మా ఆవిడ. కీష్ విషయంలో ఆ ఇద్దరికీ ముందస్తు అభిప్రాయం లేదు. ఇక రెండోది కొలత. మన వంట కంటి అంచనాతో, చేతి వాటంతో నడుస్తుంది. ఉప్పు ఎంత అంటే ‘సరిపడా’ అంటారు. ఎంతసేపు వేయించాలి అంటే ‘పచ్చివాసన పోయేదాకా’ అంటారు. ఆ మాటల వెనుక ముప్పై ఏళ్ల అనుభవం ఉంటుంది. నలభై దాటాక వంటింట్లోకి వచ్చినవాడికి ‘సరిపడా’ అర్థం కాదు, గ్రాములు అర్థమవుతాయి. కీష్‌లో ప్రతిదానికీ తూకం ఉంటుంది.

ఆ తూకాలు చెబుతాను, రాసుకోండి. తొమ్మిది అంగుళాల టిన్నుకు మైదా 200 గ్రాములు, వెన్న 100 గ్రాములు. రెండు పాళ్లు పిండి, ఒక పాలు వెన్న అని గుర్తుంచుకుంటే చాలు. వెన్న ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, గట్టిగా ఉండగానే ముక్కలు చేసి, వేళ్ల కొసలతో పిండిలో రవ్వరవ్వగా కలపాలి. మూడు నాలుగు చెంచాల చల్లటి నీళ్లు చల్లి ముద్ద చేయాలి. చపాతీ పిండిలా మర్దన చేయకూడదు. మర్దన చేసేకొద్దీ మైదాలో సాగే గుణం పెరిగి, కాలేటప్పుడు పెంకు ముడుచుకుపోతుంది, గట్టిపడుతుంది. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత వత్తి టిన్నులో పరవాలి.

ఈ పెంకును ఖాళీగా ఒకసారి కాల్చాలి. అడుగున ఫోర్కుతో గుచ్చి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద ఎండు రాజ్మా పోయాలి. ఆ బరువుకు పిండి పొంగదు. 190 డిగ్రీల్లో పావుగంట కాల్చి, కాగితం, గింజలు తీసేసి మరో ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. ఆ గింజలు కూరకు పనికిరావు, డబ్బాలో దాస్తే మళ్లీ ఇదే పనికి వస్తాయి.

లోపలికి మూడు గుడ్లు, 200 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్, 100 మిల్లీలీటర్ల పాలు, అర చెంచా ఉప్పు, మిరియాల పొడి. కూరలు ఏవి వేసినా ముందు వాటి నీరు పోవాలి. పుట్టగొడుగులను నీరు ఇగిరేదాకా వేయించాలి, పాలకూరను ఉడికించి గట్టిగా పిండాలి. లేకపోతే అడుగు నానిపోతుంది. కూరలు, కాస్త చీజ్ తురుము పరిచి, గుడ్ల మిశ్రమం పోసి, 175 డిగ్రీల్లో ముప్పై ముప్పై అయిదు నిమిషాలు కాల్చాలి. మధ్యలో కొద్దిగా కదులుతుండగానే దించాలి. లోపలి వేడికి అది తర్వాత గట్టిపడుతుంది. మరీ ఎక్కువ వేడి తగిలితే గుడ్డు విరిగి నీరు వదులుతుంది. దించాక ఇరవై నిమిషాలు ఆగి కోయాలి.

మా అమ్మ గుడ్డు తినదు. గుడ్డు లేకపోతే అది కీష్ కాదు. కానీ పెంకులో గుడ్డు లేదు కదా. చిన్న టిన్నులో అదే పిండి పరిచి, ఉడికించిన బంగాళాదుంప, పనీర్, పాలకూర కలిపి నింపాను. ఆవిడది ముందు కాల్చి తీసి, తర్వాతే గుడ్ల టిన్ను ఓవెన్‌లో పెట్టాను. చాకు కూడా వేరే. అమ్మ ఒక ముక్క తిని, ‘‘బాగానే ఉందిరా. అయినా ఇంత వెన్నా?’’ అంది. రెండో ముక్క మాత్రం అడగకుండానే తీసుకుంది.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ హాల్లో కూర్చుని పేపర్ పూర్తిగా చదివింది. ‘‘ఆదివారం పన్నెండింటికి నేను కూర్చుని ఎన్నేళ్లయిందో’’ అంది. తనూ ఉద్యోగం చేస్తుంది. నేను ఈ రోజు ఇక్కడ మాట్లాడుతున్నది నిజానికి ఆ మాట గురించే.

2019లో నేషనల్ స్టాటిస్టికల్ ఆఫీసు దేశమంతటా టైమ్ యూజ్ సర్వే చేసింది. ఆరేళ్లు దాటినవారిలో, జీతం లేని ఇంటి పనుల్లో రోజూ పాల్గొన్న ఆడవారు 81.2 శాతం, మగవారు 26.1 శాతం. అలా పాల్గొన్నవారిలో కూడా ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు పనిచేస్తే, మగవారు 97 నిమిషాలు చేశారు. మనకు 2015 నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు. ఆ సెలవు ఇంట్లో ఎవరికి సెలవైందో, ఎవరికి ఇంకో పూట వంట పెంచిందో లెక్క చూసుకోవాలి.

అమెరికాలో 1982లో బ్రూస్ ఫైర్‌స్టీన్ ‘రియల్ మెన్ డోంట్ ఈట్ కీష్’ అనే హాస్య పుస్తకం రాశాడు. అసలైన మగవాళ్లు కీష్ తినరు అని పేరు పెట్టి, మగతనం మీద ఉన్న అపోహలను ఆటపట్టించాడు. బాగా అమ్ముడుపోయింది. మనకు ఆ అపోహ ఉండటానికి వీల్లేదు. మంచి వంటను మనం ‘నలభీమపాకం’ అంటాం. ఆ ఇద్దరూ మగవాళ్లే. పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర నిలబడేదీ చాలాచోట్ల మగవాళ్లే. ఇంటి పొయ్యి దగ్గరికి వచ్చేసరికే ‘సాయం చేస్తున్నాను’ అంటాం.

సాయం అంటే పని ఇంకొకరిదని అర్థం. ఒక బ్రాంచి చార్జి తీసుకున్నవాడు ‘ఇక్కడ సాయం చేస్తున్నాను’ అనడు. వంటకూ అంతే. చార్జి తీసుకోవడమంటే సరుకులు తేవడం, ఎవరేం తింటారో గుర్తుంచుకోవడం, ‘ఉప్పెక్కడుంది’ అని హాల్లోకి కేకలు వేయకపోవడం, చివర వెన్న జిడ్డు పట్టిన టిన్ను తోమడం కూడా. తోమేదాకా వంట అయిపోయినట్టు కాదు. రేపు బదిలీ మీద ఒంటరిగా వెళ్లే అధికారికైనా, చదువుకు ఊరు దాటే కొడుక్కైనా, కూతురికైనా ఈ పని ఎలాగూ తప్పదు.

అందుకే ఇక్కడున్న మగవారికి ఒక మాట. నెలలో ఒక ఆదివారం ఒక పూట మీ పేర రాసుకోండి. కీష్ అక్కర్లేదు, కొలతలు రాసుకున్న ఉప్మా అయినా చాలు. ఆడవారికి కూడా ఒక విన్నపం. ఆ పూట వంటింట్లోకి తొంగిచూడకండి. ఆలస్యమైతే అవుతుంది, గిన్నెలు ఎక్కువ పడితే పడతాయి. వాటిని తోమేది మేమే.

మా ఇంట్లో వచ్చే నాలుగో ఆదివారం పప్పుచారు. ఈసారి ఇన్‌స్పెక్షన్ తప్పదు. కందిపప్పు తూకం, చింతపండు తూకం అమ్మను అడిగాను. ‘‘సరిపడా’’ అంది. తాను వేస్తుంటే గ్రాముల తక్కెడ పక్కన పెట్టి రాసుకుంటున్నాను.