గోడల మధ్య ఫుట్‌బాల్: లైన్‌మన్ పేరు ఎవరికీ గుర్తుండదు

పోయిన ఎపిసోడ్ కింద మీలో చాలామంది ఒకటే అడిగారు. స్టార్స్ గురించి అందరూ చెప్తారు బ్రో, స్టార్ కానివాళ్ల బతుకు ఎలా ఉంటుందో చెప్పు అని. సరే, ఈ రోజు అదే చెప్తా. కాకపోతే మీరు బహుశా ఎప్పుడూ చూడని ఆట నుంచి చెప్తా.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు, భుజాల మీద ప్యాడ్లు, పెద్ద ఓపెన్ స్టేడియం గుర్తొస్తాయి కదా. ఆ ఆటకి ఒక తమ్ముడున్నాడు. ఐస్ హాకీ ఆడే హాల్లో, రింక్ మీద పచ్చ టర్ఫ్ పరిచి ఆడతారు. 1981లో జిమ్ ఫాస్టర్ అనే ఆయన న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ మ్యాచ్ చూస్తూ, చేతిలో ఉన్న కవర్ మీద ఈ ఆట బొమ్మ గీసుకున్నాడు. 1987లో నాలుగు టీమ్‌లతో అరీనా ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది.

గ్రౌండ్ పొడవు 50 గజాలు, వెడల్పు 85 అడుగులు. పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో సగం పొడవే. పదకొండు మంది బదులు ఎనిమిది మంది. సైడ్ లైన్ ఉండాల్సిన చోట మెత్తలు కట్టిన గోడ. గోడకి అవతల మొదటి వరసలో ప్రేక్షకులు. ఒక్కోసారి ప్లేయర్ గోడ దాటి జనం ఒళ్లో పడతాడు. అరీనా లీగ్‌లో బాల్ స్టాండ్స్‌లోకి వస్తే దొరికినవాళ్లు ఇంటికి తీసుకెళ్లిపోయేవాళ్లు. మన దగ్గర ఈ రూల్ పెడితే స్టాండ్స్‌లో ఇంకో మ్యాచ్ జరుగుతుంది, అది వేరే విషయం.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. లైన్‌మన్. 130 కిలోలు అటూ ఇటూ ఉంటాడు. ఒక చెయ్యి నేల మీద ఆనించి వంగి కూర్చుంటాడు. బాల్ కదలగానే ఎదుటివాడి ఛాతీ మీదకి రెండు చేతులూ వెయ్యాలి. ఎవరి చెయ్యి ముందు లోపలికి వెళ్తే వాడిదే పైచేయి. కబడ్డీలో రైడర్ తిరిగేలోపు కార్నర్ డిఫెండర్ ఎలా కాలు పట్టేస్తాడో, ఇక్కడా అంతే టైమ్. తేడా ఏంటంటే కబడ్డీలో పట్టినవాడికి పాయింట్ వస్తుంది. ఇక్కడ మాత్రం తన వెనక ఉన్న క్వార్టర్‌బ్యాక్ బాల్ విసిరేదాకా ఎదుటివాణ్ని ఆపినందుకు స్కోర్ షీట్‌లో ఏమీ రాయరు. ఆపలేకపోతే మాత్రం టీవీలో రీప్లే వేసి మరీ చూపిస్తారు.

పెద్ద ఫుట్‌బాల్‌లో అటాక్‌కి ఐదుగురు లైన్‌మెన్ ఉంటారు. ఇక్కడ ముగ్గురే. పైగా చిన్న గ్రౌండ్ కాబట్టి ఆట అంతా పాస్‌ల మీదే నడుస్తుంది. అరీనా లీగ్‌లో పంట్ కూడా కుదిరేది కాదు, అంటే బాల్‌ని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకునే ఛాన్స్ ఉండేది కాదు. ఇంకో మాట వినండి. 2007 వరకూ ఆ లీగ్‌లో చాలామంది రెండు వైపులా ఆడాల్సిందే. దాన్ని ఐరన్‌మన్ పద్ధతి అనేవారు. అంటే మీ టీమ్ అటాక్ అయిపోయాక మిగతా ఆటల్లోలా బెంచ్ మీద కూర్చుని నీళ్లు తాగడం ఉండదు. ఇప్పటిదాకా క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడినవాడే వెంటనే తిరిగి అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకోవడానికి దూకాలి. మ్యాచ్ అంతా ఇదే. నా దృష్టిలో ఇంత కష్టమైన ఉద్యోగం ఆటల్లో చాలా తక్కువ.

నేను ఎంఎస్ చదివేటప్పుడు అయోవాలో ఇలాంటి మ్యాచ్ ఒకటి చూశా. టికెట్ చవక అని వెళ్లా, నిజం చెప్పాలంటే. టీవీలో వినపడని చప్పుడు ఒకటుంది అక్కడ. ప్యాడ్‌కి ప్యాడ్ తగిలినప్పుడు, బియ్యం బస్తా లారీ మీంచి కింద పడ్డట్టు. మ్యాచ్ అయ్యాక పిల్లలంతా సంతకాల కోసం క్వార్టర్‌బ్యాక్ చుట్టూ చేరారు. పక్కన ఒక లైన్‌మన్ మోకాలికి ఐస్ కట్టుకుని నిలబడ్డాడు. నేను వెళ్లి మాట్లాడా. రేపు పొద్దున ఆరింటికి గోడౌన్‌లో డ్యూటీ ఉంది అన్నాడు. అదేదో మామూలు విషయంలా చెప్పాడు.

ఇదే అయోవా బార్న్‌స్టార్మర్స్ టీమ్‌లో 1995 నుంచి 97 వరకూ కర్ట్ వార్నర్ ఆడాడు. సూపర్ మార్కెట్‌లో సరుకులు సర్దుతూ బతికినవాడు, తర్వాత సెయింట్ లూయిస్ రామ్స్‌కి సూపర్ బౌల్ గెలిపించాడు. ఈ కథ మోటివేషన్ వీడియోల్లో వెయ్యి సార్లు విని ఉంటారు. నాకూ ఇష్టమే. కానీ అయోవాలో అతని ముందు నిలబడి దెబ్బలు కాచిన ముగ్గురి పేర్లు ఏ వీడియోలోనైనా విన్నారా?

డబ్బు సంగతి చెప్పాలి. ఒక టైమ్‌లో అరీనా లీగ్ బాగానే ఉండేది. మ్యాచ్‌లు 2003 నుంచి 2006 దాకా ఎన్‌బీసీలో, ఆ తర్వాత ఈఎస్‌పీఎన్‌లో వచ్చాయి. 2008 డిసెంబర్‌లో ఓనర్లు వచ్చే సీజన్ లేదు అని తేల్చేశారు. 2010లో లీగ్ మళ్లీ లేచింది, కానీ మ్యాచ్‌కి 400 డాలర్లు. 16 మ్యాచ్‌లు ఆడితే 6,400 డాలర్లు. అమెరికాలో, ఏడాదికి! అందుకే గోడౌన్లు, జిమ్ ట్రైనింగ్, స్కూల్లో కోచింగ్. ఆట పక్క పని, పక్క పనే అసలు పని.

2012లో ప్లేయర్లు ఎక్కువ జీతం అడిగారు. మార్చి 9న సీజన్ మొదటి మ్యాచ్, ఓర్లాండోలో. సమ్మె చేస్తామన్నారు. పిట్స్‌బర్గ్ పవర్ ఓనర్ ఏం చేశాడో తెలుసా? మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు, రెస్టారెంట్‌లో భోజనానికి కూర్చున్న తన ప్లేయర్లని అక్కడే ఉద్యోగాల్లోంచి తీసేశాడు. ప్లేటు ముందు ఉండగా. వీళ్లు కాకపోతే ఇంకొకరు దొరుకుతారు అన్న ధీమా అది. ఆ ధీమా అబద్ధం కూడా కాదు, బయట కాలేజీ ఆట ముగించి ఛాన్స్ కోసం తిరిగేవాళ్లు వేలల్లో ఉంటారు. నాకు కోపం వచ్చేది సరిగ్గా అక్కడే.

2019లో లీగ్ దివాలా తీసింది. 2024లో కొత్తవాళ్లు అదే పేరుతో 16 టీమ్‌లు పెట్టి మొదలెడితే, నెల తిరిగేసరికి టీమ్‌లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ అని ఇంకోటి మాత్రం 2009 నుంచీ నడుస్తోంది.

మరి ఎందుకు ఆడతారు? కొందరికి వార్నర్‌లా పైకి వెళ్తామన్న ఆశ. కానీ ఆ గోడౌన్ అన్నకి ఆ ఆశ లేదు, నేను అడిగా. వారానికి ఒక్క రాత్రి నేనేం చేయగలనో నాకు తెలుస్తుంది, అన్నాడు. దీన్ని నేను గొప్ప త్యాగం అని చెప్పను. మోకాలు పోతే రేపటి డ్యూటీ కూడా పోతుంది. అతనికీ తెలుసు.

మనకీ ఒక లింక్ ఉంది. 2011లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ప్రకటించారు. డబ్బు పెట్టినవాళ్లలో కర్ట్ వార్నర్ కూడా ఉన్నాడు. ఎనిమిది టీమ్‌లలో ఒకటి హైదరాబాద్ స్కైకింగ్స్. అది ఇండోర్ కాదు, బయట ఆడేదే. మొదటి సీజన్ మ్యాచ్‌లు 2012లో శ్రీలంకలో జరిగాయి. ఎక్కువ కాలం నిలబడలేదు.

మీలో ఎవరైనా, మీ అన్నయ్యలో బాబాయిలో ఎవరైనా స్కైకింగ్స్‌కి ఆడి ఉంటే మెసేజ్ పెట్టండి, కూర్చుని మాట్లాడదాం. లైన్‌లో ఆడినవాళ్లయితే ముందు మీకే ఫోన్ చేస్తా.