పాల వ్యానుకూ లైసెన్సు చట్టానికీ ఉన్న లంకె

(ఉప్పల్‌లో జరిగిన సభ్య సంఘాల కార్యదర్శులు, రూటు వ్యాను యజమానుల సమావేశంలో రవాణా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సమావేశాన్ని పదకొండు గంటలకు ఎందుకు పెట్టామో మీకు తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరిన వ్యాను నారపల్లి, బోడుప్పల్ మీదుగా ఉప్పల్ రింగు రోడ్డు దాటి, పాలు దించి, క్యాన్లు కడిగించుకొని తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆ తరువాత గాని డ్రైవరు గొంతులో టీ చుక్క పడదు. కావున పదకొండింటికి పిలిచాము. అయినా ఇద్దరు ముగ్గురు వెనుక వరుసలో కునుకు తీస్తున్నారు. వారిని లేపవద్దని మనవి.

మామూలుగా మన సమావేశాలలో వెన్న శాతం, దాణా ధర, పక్షం రోజుల బిల్లు, ఈ మూడింటి చుట్టూనే మాటలు తిరుగుతాయి. ఈ రోజు లైసెన్సు గురించి మాట్లాడతామని సర్క్యులర్ పంపగానే కొందరు కార్యదర్శులు ఫోను చేసి అడిగారు. "లైసెన్సు డ్రైవరు జేబులో ఉండేది. పాల సంఘానికి దానితో ఏం పని?" అని. మంచి ప్రశ్నే. జవాబుగా రెండు సంగతులు చెబుతాము. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెప్పము. ఇక్కడ కూర్చున్నవారిలో కొందరికి ఆ సంగతులు తెలుసు.

మొదటిది 2019కి ముందు జరిగింది. మా రూటు వ్యాను ఒకటి తెల్లవారుజామున మంచులో రోడ్డు దిగి బోల్తా పడింది. దైవం మేలు చేసి మనిషికి దెబ్బ తగలలేదు. క్యాన్లు దొర్లి పాలు నేలపాలయ్యాయి, బండి ఒక పక్కంతా నలిగింది. ఇన్సూరెన్సువారు కాగితాలు అడిగారు. తీసి చూస్తే డ్రైవరు లైసెన్సు గడువు పన్నెండు రోజుల కిందటే ముగిసింది! మా గుండె జారింది. కాని ఆనాటి చట్టంలో 14వ సెక్షన్ కింద ఒక వెసులుబాటు ఉండేది. గడువు తీరినా మరో 30 రోజుల పాటు లైసెన్సు చెల్లుబాటులోనే ఉన్నట్టు లెక్క. ఆ ఒక్క వాక్యం వల్ల క్లెయిము దక్కింది.

రెండవది ఆ చట్టం మారిన తరువాతి సంగతి. అలాంటి వ్యానే, ఆ రూటే. మామూలు డ్రైవరుకు జ్వరం వచ్చి, బండి యజమాని బంధువు ఒకతను స్టీరింగు పట్టాడు. సైకిలు మీద పోతున్న ఒక పెద్దాయనకు బండి తగిలింది, ఆయన ప్రాణం పోయింది. ఈ బంధువు లైసెన్సు గడువు తీరి తొమ్మిది రోజులైంది. పన్నెండు కాదు, తొమ్మిదే. కాని 2019 సవరణలో ఆ 30 రోజుల వెసులుబాటు తీసివేశారు. గడువు తేదీ దాటితే దాటినట్టే. ట్రిబ్యునల్ ఏమన్నది? చనిపోయినవారి కుటుంబానికి బీమా కంపెనీ ముందు డబ్బు కట్టాలి, తరువాత ఆ డబ్బును బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు అన్నది. ఈ పద్ధతిని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. బాధితుడికి అన్యాయం జరగకూడదు, అది సరైనదే. కాని భారం వచ్చి ఎవరి మీద పడింది? ఆ యజమాని మన సభ్యుడే. వ్యాను అప్పు తీరలేదు. నాలుగు గేదెలలో రెండు అమ్మాడు. సంఘం రిజిస్టరులో ఆయన పేరు ఎదుట ఉదయం పూట 14 లీటర్లు పడేది, 6 లీటర్లకు దిగింది. లైసెన్సుతో పాల సంఘానికి ఏం పని అని అడిగినవారికి ఆ రిజిస్టరు పేజీ చూపిస్తాము.

ఇక ఈ చట్టాలు ఎక్కడ పుడతాయి, ఎవరు పరిశీలిస్తారు అన్నది చూద్దాము. మోటారు వాహనాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా కిందికి, 35వ అంశంగా వస్తాయి. అంటే కేంద్రమూ, రాష్ట్రమూ రెండూ చట్టం చేయవచ్చు. బండి మీద పన్ను వేసే అధికారం మాత్రం రాష్ట్ర జాబితాలో 57వ అంశం. లైసెన్సు నిబంధనలన్నీ కేంద్ర చట్టంలో ఉన్నాయి. 1939 నాటి పాత చట్టం పోయి 1988 చట్టం వచ్చింది, 1989 జూలై 1 నుంచి అమలయింది. దానికి పెద్ద సవరణ బిల్లును 2016 ఆగస్టులో లోక్‌సభలో పెట్టారు. అంతకు ముందే వివిధ రాష్ట్రాల రవాణా మంత్రులతో ఒక బృందాన్ని వేసి, రాజస్థాన్ రవాణా మంత్రి యూనస్ ఖాన్ అధ్యక్షతన రాష్ట్రాల అభిప్రాయం తీసుకున్నారు. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. 2017 ఏప్రిల్‌లో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దానిని సెలెక్టు కమిటీకి పంపింది. కమిటీ నివేదిక ఇచ్చినా, సభ ముగిసి 2019లో బిల్లు కాలం చెల్లిపోయింది. మళ్లీ జూలైలో పెట్టి, ఆ నెలలోనే రెండు సభలూ ఆమోదించాయి. ఆగస్టు 9న రాష్ట్రపతి ఆమోదం, సెప్టెంబరు 1 నుంచి చాలా భాగం అమలు. గేదె చూలు పది నెలలే. ఈ బిల్లు ఈనడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో 30 రోజుల వెసులుబాటు గురించి పాల సంఘాల నుంచి ఒక్క ఉత్తరం పోలేదు. మేమూ రాయలేదు. ఆ తప్పు ముందుగా మాది.

ఒక ఉత్తరం వల్ల ఏమవుతుంది అనుకోవద్దు. రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదవ తరగతి పాసై ఉండాలని కేంద్ర నిబంధనలలో 8వ నిబంధన ఉండేది. మన డ్రైవర్లలో ఎంతమంది అయిదుతోనే బడి మానేశారో మీకు తెలుసు. బండి మీద చేయి తిరిగినవాడే, మలుపులో ఒక్క క్యాను కదలనివ్వడు, కాని కాగితం లేదు. ఈ నిబంధన ఎలా పోయింది? హర్యానా ప్రభుత్వం తమ మేవాత్ ప్రాంతపు పేద డ్రైవర్ల కోసం దీనిని సడలించాలని కేంద్రాన్ని అడిగింది. బండి నడపడానికి కావలసింది నైపుణ్యం, చదువు కాదు అన్న వాదన నిలిచింది. 2019లోనే ఆ నిబంధనను దేశమంతటా తొలగించారు. ఎక్కడో మేవాత్ డ్రైవర్ల కోసం అడిగిన మాట, ఇక్కడ మన ఘట్‌కేసర్ రూటు డ్రైవరుకు లైసెన్సు తెచ్చిపెట్టింది.

ఇప్పుడు అందరినీ తికమక పెట్టిన అసలు సంగతికి వస్తాము. మీ చిన్న ట్రాలీలు, పికప్ వ్యానులు సరుకు బండ్లే గనుక రవాణా వాహనాల కిందికి వస్తాయి. కాని బరువును బట్టి అవి తేలికపాటి మోటారు వాహనాలు కూడా. చట్టం 2వ సెక్షన్ ప్రకారం స్థూల బరువు, అంటే బండి బరువు, మోయదగిన సరుకు బరువు కలిపి, 7,500 కిలోలు మించకపోతే అది తేలికపాటి వాహనం. మరి కారు నడిపే లైసెన్సు ఉన్నవాడు పాల ట్రాలీ నడపవచ్చునా, లేక 'రవాణా' అని ప్రత్యేకంగా రాయించుకోవాలా? 1994లో చట్టం సవరించినప్పుడు 10వ సెక్షన్‌లో మధ్యతరహా, భారీ వాహనాల పేర్లు తీసి వాటి స్థానంలో 'రవాణా వాహనం' అన్న రెండు మాటలు పెట్టారు. అప్పటి నుంచి తగువు. ఒక కోర్టు అవసరం లేదన్నది, మరొక కోర్టు కావాలన్నది. ప్రమాదం జరిగిన ప్రతిసారీ బీమా కంపెనీలు ఈ రెండు మాటలనే పట్టుకున్నాయి.

2017 జూలైలో ముకుంద్ దేవాంగన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, 7,500 కిలోల లోపు బండికి వేరే రాయింపు అక్కరలేదన్నది. దానిని బీమా కంపెనీలు ఒప్పుకోలేదు. 2022లో సంగతి పెద్ద ధర్మాసనానికి పోయింది. అక్కడ ఒక విశేషం జరిగింది. 2023లో అయిదుగురు న్యాయమూర్తులు, ఇది లక్షల మంది బతుకుతెరువుకు సంబంధించినది, చట్టం మార్చే ఆలోచన ఉన్నదేమో ముందు మీరు చూడండి అని కేంద్రానికి చెప్పారు. కేంద్రం రాష్ట్రాలతో సంప్రదించాలి, గడువు కావాలన్నది. రాష్ట్రాలు సహకరించాలని కోర్టు ఆదేశించింది. 2024 ఏప్రిల్‌లో ఎన్నికలు వచ్చాయి. సవరణను కొత్త లోక్‌సభ ఏర్పడిన తరువాతే ప్రవేశపెట్టగలమన్నారు. చివరకు కోర్టు ఇక ఆగకుండా, 2024 నవంబరు 6న తానే తీర్పు ఇచ్చింది. తేలికపాటి వాహన లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చు, వేరే రాయింపు అవసరం లేదు. ఇలాంటి డ్రైవర్ల వల్లనే ప్రమాదాలు పెరిగాయని చూపే లెక్కలేవీ తమ ముందు పెట్టలేదని కూడా కోర్టు అన్నది. ఈ మాట మనవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. ఇన్నాళ్లూ 'బ్యాడ్జీ లేదు' అని రోడ్డు మీద తల వంచుకున్న డ్రైవర్లకు ఇది పెద్ద ఊరట.

అయితే ఈ ఊరటను ఎక్కువ సాగదీయవద్దు. పాల ట్యాంకరు నడిపేవారికి ఇది వర్తించదు. మీ ఆర్సీ తీసి స్థూల బరువు చూడండి, 7,500 దాటితే రవాణా లైసెన్సు తప్పదు. దానికి దరఖాస్తు పెట్టాలంటే తేలికపాటి లైసెన్సు చేతికి వచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి. రవాణా వాహనానికి ఇరవై ఏళ్లు నిండాలని 4వ సెక్షన్ అంటుంది. కాబట్టి పద్దెనిమిదేళ్ల కొడుకును పాల బండి మీద పంపవద్దని మా సలహా. తీర్పు వచ్చింది గనుక ఇక చట్టం మారదనీ అనుకోవద్దు. పార్లమెంటు తలచుకుంటే రేపు ఆ రెండు మాటలనే మళ్లీ మార్చవచ్చు.

బరువు మాట వచ్చింది గనుక ఒక చిన్న లెక్క. మోసే బరువు 750 కిలోలని రాసి ఉన్న ట్రాలీలో 40 లీటర్ల క్యాన్లు 18 ఎక్కిస్తే, పాల బరువే 740 కిలోలు దాటుతుంది. క్యాన్ల బరువు వేరే. దాని మీద ఇద్దరు మనుషులు, ఒక దాణా మూట! లైసెన్సు ఎంత బాగున్నా బ్రేకుకు ఆ సంగతి తెలియదు.

మరొక అపోహ. "కొత్త చట్టం మన తెలంగాణలో లేదు కదా" అని చాలామంది అంటున్నారు. 2019 సెప్టెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు శాసనసభలో, కొత్త చట్టాన్ని ఇక్కడ అమలు చేయబోమని చెప్పిన మాట నిజమే. కాని ఆ మాట వెనుక ఉన్నది పెంచిన జరిమానాల సంగతి. రోడ్డు మీద కేసు తేల్చుకోవడానికి కట్టే రుసుము ఎంత అన్నది 200వ సెక్షన్ కింద రాష్ట్రం నిర్ణయించవచ్చు. లైసెన్సు ఎప్పటి దాకా చెల్లుతుంది అన్నది మాత్రం దేశమంతటా ఒక్కటే. ఇందాక చెప్పిన గేదెలు అమ్ముకున్న సభ్యుడు కూడా ఈ అపోహలోనే ఉన్నాడు. పోలీసు ఆపితే వందో అయిదు వందలో అనుకున్నాడు. ట్రిబ్యునల్‌కు పోలీసు రసీదుతో పని లేదు.

నాచారం సంగతి కూడా చెప్పాలి. మామూలు డ్రైవరు రానినాడు మనవాళ్లు నాచారం పారిశ్రామికవాడ ట్రాలీ స్టాండు నుంచి బదిలీ డ్రైవరును పిలుస్తారు. పగలంతా ఫ్యాక్టరీ సరుకు మోసి, నిద్ర లేకుండా తెల్లవారుజామున మన పాలకు వచ్చేవాడు. మంచివాళ్లే, కష్టజీవులే. కాని రాత్రి పదింటికి ఫోను చేసి పిలిచేటప్పుడు లైసెన్సు తేదీ అడిగినవారు మనలో ఎవరు? లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇవ్వకూడదని 5వ సెక్షన్ చెప్పేది డ్రైవరుకు కాదు, యజమానికి. నలుగురైదుగురు బదిలీ డ్రైవర్ల కాగితాలు ముందే చూసి పెట్టుకొని, వారినే పిలవండి.

డ్రైవర్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. కాగితాల పనికి, పరీక్షకు ఉప్పల్ ఆఫీసనీ, నాగోలు ట్రాక్ అనీ తిరగాలి. స్లాటు ఉదయం పడితే ఆ రోజు రూటు ఆగినట్టే. రూటు ఆగితే ఎండాకాలంలో పాలు రెండు గంటలు ఆగవు. ఇప్పుడు గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. రవాణా లైసెన్సు గడువు కూడా మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. గడువు తీరి ఏడాది దాటనిస్తే మాత్రం మళ్లీ ట్రాక్ ఎక్కి పరీక్ష ఇవ్వాలి.

రాష్ట్ర రవాణా మంత్రిగారికి, ఈ ప్రాంతపు శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు పంపడానికి ఒక వినతిపత్రం తయారు చేశాము. పాలు మోసే డ్రైవర్లకు మధ్యాహ్నం స్లాట్లు ఇవ్వాలని అడిగాము. చట్టాన్ని మళ్లీ సవరించే మాట వస్తే ఆ 30 రోజుల వెసులుబాటు తిరిగి పెట్టాలనీ, 7,500 కిలోల హద్దును కదపవద్దనీ కోరాము. 30 రోజుల సంగతిపై మా విభాగంలోనే ఏకాభిప్రాయం లేదు. వెసులుబాటు ఉంటే అందరూ 29వ రోజు దాకా ఆగుతారని ఒకరి వాదన. చదివి, మీ సంఘం తీర్మానంతో పంపండి. దిద్దుబాట్లు ఉంటే దిద్దండి.

టీ వచ్చింది. లైసెన్సులు, ఆర్సీలు తెచ్చినవారు తలుపు పక్కన బల్ల దగ్గరికి రండి. మా గుమాస్తా గడువు తేదీలు రిజిస్టరులో రాసుకొని, ప్రతి సంఘానికి రెండు నెలల ముందు కార్డు పంపుతాడు. తేనివారు వచ్చే పక్షం బిల్లుకు వచ్చినప్పుడు తీసుకురండి. వెనుక వరుసలో పడుకున్నవారిని ఇప్పుడు లేపవచ్చు.