నెత్తురు పరీక్ష తెలుపు సంగతులు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



బావిలో నీరెంత ఉన్నదో తెలియవలెనన్న తాడు వదలి చూచెదము. గట్టుపై నిలిచి చెప్పిన మాటను ఎవరును నమ్మరు. హెచ్.ఐ.వి. సోకినవారి విషయములో మాత్రము మనము చాలకాలము గట్టుపై నిలిచియే తీర్పులు చెప్పితిమి. “చిక్కినాడు, ఇక లేవడు” అనియు, “ఒళ్లు చేసినాడు, రోగము పోయినది” అనియు పెక్కు గ్రామములలో వింటిమి. రెండును పొరపాటే.

నెత్తురులో చూచు కొలతలు ముఖ్యముగా రెండు. మొదటిది సీడీ4 కణముల లెక్క. ఇవి శరీరమును కాచు తెల్లకణములలో ఒక తెగ. ఆరోగ్యవంతునిలో ఘన మిల్లీమీటరు రక్తమునకు సుమారు 500 నుండి 1500 వరకు ఉండును. 200 కంటె తగ్గినచో ప్రమాదకరమైన అంటువ్యాధులు సులభముగా పైబడును. చికిత్స ఆరంభమగునాటికి ఈ లెక్క మిక్కిలి తగ్గియున్నచో కోలుకొనుటయు ఆలస్యమగును.

రెండవది వైరల్ లోడ్, అనగా ఒక మిల్లీలీటరు రక్తములో వైరస్ నకళ్లెన్ని ఉన్నవను లెక్క. మందు విఫలమైనచో సాధారణముగా మొదట వైరస్ పెరుగును. పిమ్మట సీడీ4 పడును. మనిషి చిక్కుట అటు తరువాతి మాట. కావుననే చికిత్స ప్రారంభించిన 6వ నెలలో, 12వ నెలలో, ఆపై ఏటేట ఈ పరీక్ష చేయింతురు. లెక్క 1000 దాటినచో మాత్రలు క్రమముగా వేసికొనుచున్నారా అని ముందు విచారించి, మరల పరీక్షింతురు. రక్తములో వైరస్ కనబడని స్థితికి వచ్చి, మందు మానక వాడువారి నుండి లైంగిక సంపర్కమున ఇతరులకు సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టపరచినది.

సీడీ4 బాగున్నప్పుడు మందు ఆపవచ్చునేమోయని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు తలచిరి. 33 దేశములలో 5,472 మందితో జరిగిన స్మార్ట్ పరిశోధన 2006లో ఆ ఆశను తీసివేసినది. ఆపి ఆపి వాడినవారిలోనే మరణములు హెచ్చు. నిలువయుంచిన వారి రక్తమును పరీక్షింపగా 2008లో మరియొకటి తేలినది. ఇంటర్‌ల్యూకిన్-6, డీ-డైమర్ అను పదార్థములు హెచ్చుగా ఉన్నవారికి ప్రాణాపాయమును హెచ్చు. మొదటిది లోపలి తాపమునకు, రెండవది నెత్తురు గడ్డకట్టుటకు గురుతు. అయినను వీనిని చూచి రోగికి మందు నిర్ణయించు పద్ధతి ఇంకను వాడుకలోనికి రాలేదు. వీని పేర డబ్బడుగువారిని నమ్మకుడు.

మన దేశమున ఉచిత చికిత్స 2004 ఏప్రిల్ 1న మొదలైనది. పూర్వము సీడీ4 ఒక మట్టమునకు దిగువరకు ఆగవలసి వచ్చెడిది. 2017 నుండి ఆ నియమము లేదు, వ్యాధి తేలిన వెంటనే మందు ఇత్తురు.

ఇక మీ పని. ఒక గ్రామమున ఒక యువతి మాత్రలు క్రమముగా వాడి వైరస్ కనబడని స్థితికి వచ్చెను. ఆమె అనుమతితోనే, ఊరి పేరు లేక చెప్పుచున్నాము. చికిత్సా కేంద్రమునకు పోవు బస్సు వద్ద ఆమెను చూచినవారు గుసగుసలాడిరి. ఆమె వెళ్లుట మానెను. కొన్ని నెలలకు వైరస్ లెక్క మరల వేలలోనికి పోయెను. మందులో లోపము లేదు.

2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము, ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని వారి సమ్మతి లేక వెల్లడించుట సాధారణముగా నిషిద్ధము. పంచాయతీ పుస్తకములలో అట్టివారి పేర్లు వ్రాయకుడు, సభలో చదువకుడు. సందేహములున్నవారిని 1097 సంఖ్యకు ఫోను చేయుమనుడు, రుసుము లేదు.