ఒకే గిన్నె, అందరి పద్దు: బిషప్ అజరయ్య స్మారకోపన్యాసం



కుసుమంచికి చరిత్ర కోసం వచ్చేవాళ్లు కాకతీయుల నాటి గణపేశ్వరాలయం చూస్తారు, పాలేరు జలాశయం చూసుకుని వెళ్లిపోతారు. వాడలో ఉన్న ప్రార్థన మందిరానికీ చరిత్ర ఉంది. పది పదిహేను కుటుంబాల సంఘం ఒకరినొకరు నమ్మడం ఎలా నేర్చుకుందన్నదే ఆ చరిత్ర. బిషప్ అజరయ్య గారి పేరిట ఈ రోజు నేను మాట్లాడదలచింది దాని గురించే.

ఆయన జీవితం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1874లో తిరునల్వేలి సీమలో పుట్టారు. 1909లో డోర్నకల్ వచ్చారు. మరుసటి ఏడు ఎడిన్‌బరో మిషనరీ సభలో, మీరు మాకు దానధర్మాలు చాలానే చేశారు, ఇక స్నేహం చేయండని దొరల మొహం మీదే అడిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1841లో మచిలీపట్నంలో నోబుల్, ఫాక్స్ దిగిన దగ్గర్నుంచి మిషనరీల కథంతా పుస్తకాల్లో ఉంది, దాన్ని దాటేస్తున్నాను. గోదావరి పడవల పనుల మీద వచ్చిన హేగ్ దొర, దుమ్ముగూడెంలో కోయల మధ్య ఏళ్లకేళ్లు గడిపిన జాన్ కెయిన్‌ల కథ పెద్ద విషయమే, కానీ అది నా పొలం కాదు.

ఒక్క రాఘవాపురం దగ్గర మాత్రం ఆగాలి. నాటి కృష్ణా జిల్లాలోని ఆ ఊరి మాలపెద్ద పగోలు వెంకయ్యను మిషనరీ వెతుక్కుంటూ రాలేదు. విగ్రహారాధన తనంతట తానే మానేసి, దేవుడి సంగతి చెప్పేవాళ్లెవరని ఆయనే బెజవాడ వెళ్లాడు. 1859లో మిషనరీ డార్లింగ్ దొర చేత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత కబురు నడిచింది చుట్టరికాల దారిన. అల్లుడి ఊరికి, వియ్యంకుడి ఊరికి, తోడల్లుడి ఊరికి. మన సంఘాల బలం అక్కడే ఉంది. బలహీనతా అక్కడే ఉంది. చుట్టరికం దారిన వచ్చిన విశ్వాసం చుట్టరికం ఆగిన చోటే ఆగింది. మాలల చుట్టాలు మాలలు, మాదిగల చుట్టాలు మాదిగలు. ఒకరింట ఒకరు నీళ్లు ముట్టని రోజులవి, కంచం పొత్తు మాటే లేదు. ఈ రెండు వాడలూ ఒకే ప్రభువు పేరు చెప్పుకున్నప్పుడు ఏం జరిగిందన్నదే నేను ఏళ్ల తరబడి పట్టుకున్న విషయం.

సంఘం నమ్మకం నేర్చుకున్న చోట్లు మూడు. మొదటిది ప్రభువు బల్ల, అక్కడ గిన్నె ఒక్కటే. ముందువరుసలో మోకాళ్లూనిన మాదిగ పెద్ద తాగాక, అదే అంచు పక్కనున్న మాల పెద్ద పెదవికి వస్తుంది. తుడిచే గుడ్డా ఒక్కటే. తాగకపోతే అందరి ముందూ బయటపడతాడు. తాగితే ఇంటికెళ్లాక తన ముసలమ్మకు జవాబు చెప్పుకోవాలి. ఆ క్షణంలో ఆ మనిషి దాటిన గట్టు ఎంతటిదో పట్టణాల్లో కూర్చుని రాసేవాళ్లకు అందదు. కులం పేరిట సంఘం చీలకూడదని అజరయ్య గారు గట్టిగా పట్టుబట్టారు. అయినా బిషప్ ఉత్తర్వుతో గొంతు దిగే గుటక కాదది. పెళ్లిళ్ల దగ్గర ఆ గోడ చాలావరకు అలాగే నిలిచిందన్న నిజాన్ని కూడా నేను దాచను.

రెండోది పిడికెడు బియ్యం. ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం అది గుడికి చేరుతుంది. కోతపండుగకు వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు వస్తాయి. ఆరాధన అయ్యాక వేలంపాట. కూలి గింజల మీద బతికే ఇళ్ల నుంచి వచ్చిన ఆ బియ్యం ఉపదేశి జీతానికీ గుడి కప్పుకీ ఆసరా అయింది. వచ్చిందెంత, పోయిందెంత అన్న పద్దు అందరి ముందూ చదివిన సంఘాలు నిలిచాయి. పద్దు పెద్దమనిషి జేబులో ఉండిపోయిన చోట మూడేళ్లు తిరక్కుండానే రెండు వర్గాలు పుట్టాయి. ఇచ్చిన చెయ్యి తనదైనప్పుడు లెక్క అడిగే నోరూ తనదే అవుతుంది. మిషన్ డబ్బు మీద నడిచినంత కాలం మనవాళ్లకు ఆ నోరు లేదు. క్రైస్తవుడి ఈవి గురించి అజరయ్య గారు ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాయడం వెనక ఈ సంగతి ఉందని నా నమ్మకం.

మూడోది తగువు. పగ మనసులో పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదన్నది ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోని నియమం. మన పల్లెలో అది పంచాయితీ అయింది. సంస్కారం ఇచ్చే గురువు కొన్ని వారాలకోసారి వచ్చేవాడు. ఆయన వచ్చేలోగా గట్టు తగాదా, కోడలి తగాదా, చేబదులు తగాదా తేల్చుకోవాలి. సంఘ పెద్దలు ముందు రాత్రి లాంతరు చుట్టూ కూర్చునేవారు. తప్పు ఒప్పుకున్నవాడు చెయ్యి పట్టుకోవాలి, పట్టుకోనివాడు మర్నాడు బల్లకు దూరం. ఊరి దొర దగ్గరికి పోయి ముడుపు కట్టి, కాళ్ల మీద పడే అలవాటున్న జనం తమ తగువు తామే తీర్చుకున్నారు.

ఇక్కడ నేను కొందరు పండితులతో విభేదించక తప్పదు. మన గురించి రాసిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒక్కటే, వీళ్లు ఎందుకు చేరారని. అన్నం కోసమా, బడి కోసమా, దొర అండ కోసమా? 1936, 37 నాటికి గాంధీజీ కూడా ఈ సామూహిక మతాంతరాలను శంకించారు. తెలిసి చేరుతున్నారా అని అడిగారు. ఆయన మీద నాకు ఎంతో గౌరవం. కానీ వెంకయ్య లాంటివాడు ఆ ప్రశ్న వింటే నొచ్చుకునేవాడు. పికెట్ అనే అమెరికన్ మిషనరీ నాలుగు వేలకు దగ్గరగా మనుషుల్ని అడిగి, 1933లో అచ్చువేసిన పుస్తకంలో కారణాలను తరగతులుగా విడగొట్టాడు. అదే పుస్తకంలో ఆయన తేల్చిన అసలు విషయాన్ని జనం మరిచిపోయారు. ఏ కారణంతో వచ్చినా, వచ్చాక నేర్పేవాళ్లూ కాచేవాళ్లూ ఉంటే మనిషి నిలబడ్డాడని పికెటే చెప్పాడు. గుమ్మం దాటిన కారణాన్ని వందేళ్లు తవ్వుతూ కూర్చుని, ఇంట్లో కలిసి ఎలా కాపురం చేశారో ఎవరూ అడగలేదు. సూసన్ హార్పర్ 2000లో అచ్చువేసిన గ్రంథం అజరయ్య గారి మీద వచ్చిన వాటిలో దొడ్డది, దానికి నేనూ రుణపడ్డాను. కానీ అది బిషప్ కథ. గిన్నె అందుకున్న పెదవుల కథ ఇంకా రాయాల్సే ఉంది. బాప్తిస్మమప్పుడు ప్రతివాడి చేతా తన చెయ్యి తన తల మీదే పెట్టించి, సువార్త చెప్పడం తన పూచీ అని అజరయ్య గారు పలికించేవారు. ఆ పూచీ ఇచ్చింది పాలేర్లు, కూలీలు, చెప్పులు కుట్టేవాళ్లు. 1930లలో శూద్ర కులాలవారు డోర్నకల్ సంఘంలోకి రావడానికి ఏ వక్త ప్రసంగమూ కారణం కాదు. కళ్లెదుట మారిన ఈ మనుషులే కారణం. ఇది నేను ఎన్నిసార్లయినా, ఏ సభలోనైనా చెబుతాను.

టైమ్ అయిందని అధ్యక్షులు చీటీ పంపారు. తక్కినది త్వరగా చెబుతాను. 1919 తరంగంబాడి సమావేశంలో మొదలైన సంఘాల ఐక్యత చర్చ ఇరవై ఎనిమిదేళ్లు సాగి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ రోజు కోసం పాటుపడిన అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ దళితుడు ఎస్సీ జాబితాకు బయటివాడయ్యాడు, తర్వాత మన దగ్గర వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ అయ్యాడు. గుడి రిజిస్టరులో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు పెట్టుకోవాల్సి వచ్చిన సంఘంలో నమ్మకం ఎంత దెబ్బతిన్నదో వేరే ఉపన్యాసానికి సరిపడే విషయం. తర్వాత భక్త్‌సింగ్ సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు, ఇంటింటి కూటాలు వచ్చాయి. 1994 నుంచి మాదిగ దండోరా ఉద్యమం, నిన్నమొన్నటి ఎస్సీ వర్గీకరణ. ఇప్పుడు ఒక్కో పల్లెలో మూడు నాలుగు చిన్న సంఘాలు, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వాటి మధ్య మాటలు తక్కువ. దీన్ని వివరంగా చెప్పే సమయం లేదు.

ఒక మనవి చేసి ముగిస్తాను. మీ మందిరాల్లో, మీ ఇళ్ల అటకల మీద పాత బాప్తిస్మం రిజిస్టర్లు, పంచాయితీ కాగితాలు, పిడికెడు బియ్యం పద్దులు ఉంటాయి. చెదలు తినకముందే వాటిని దించండి, ఫోటోలు తీయించండి. వాటిలోని పేర్లు గుర్తుపట్టగల అవ్వలు, తాతలు ఇంకా ఉన్న ఇళ్లు మీకు తెలుసు. వచ్చే కోతపండుగలోగా వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోండి. ఏ సంఘమన్నది చూడకండి, పక్క సంఘంవాళ్లనూ వెంట తీసుకెళ్లండి.